రెండు క్యాన్ల బోరు నీళ్ళు

మిల్లులో అందరికీ ఆయన చుక్కల మామ. నేతలో దారం తెగకుండా పట్టించిన గంజిని, రంగు వేసేముందు బట్ట నుంచి పూర్తిగా వదిలించాలి. అందుకని తొట్టి నీళ్ళలో ఎంజైము పొడి కలిపి నానబెడతారు. ఆపైన మామ అయోడిన్ చుక్క వేసి చూసేవాడు. నీలమైతే గంజి ఇంకా ఉన్నట్టు. ముప్పై ఏళ్ళూ ఆయన బొటనవేలు గోధుమరంగులోనే ఉండేది. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అల్లుడు ఆ వేలు చూసి మొహం తిప్పుకోవడం ఆయనకింకా గుర్తే. రిటైరయ్యాక వేలు తెల్లబడితే సంతోషించాలా, దిగులుపడాలా తెలియలేదు పాపం!

ఆ అల్లుడే ఇప్పుడు మిల్లులో నీళ్ళ ఇంజనీరు. బాయిలర్లలో సున్నం పేరుకుంటోందని పట్టుబట్టి నీళ్ళు శుద్ధి చేసే యంత్రం పెట్టించాడు. బాయిలర్లు బాగుపడ్డాయి గానీ, బట్ట ఎంత నానబెట్టినా చుక్క నీలంగానే ఉంటోంది. పొడి రెట్టింపు చేసినా లాభం లేకపోయింది. సాయంత్రంలోగా తేలకపోతే వేరే ఉద్యోగం చూసుకోమన్నాడు యజమాని.

కూతురు ఫోన్లో ఏడుస్తూ మామకు ఇదంతా చెప్పింది. అల్లుడు నోరు విప్పి సాయం అడిగే రకం కాదు. పిలవకుండా వెళ్తే చిన్నబుచ్చుకుంటాడేమోనని కాసేపు తటపటాయించి, చివరికి ఇంటి బోరు నీళ్ళు రెండు క్యాన్లు పట్టాడు.

"సబ్బు నురగే రాని నీళ్ళు! ఎక్కడికి మోసుకుపోతున్నారు?" అంది భార్య.

"అందుకేనే తీసుకెళ్తున్నా."

మిల్లులో తొట్టి దగ్గర ఆయన్ని చూసి అల్లుడు తలదించుకున్నాడు.

"పొడి తప్పు కాదు బాబూ," అన్నాడు మామ. "ఆ ఎంజైముకి తోడుగా కాల్షియం ఉండాలి. అది పట్టి ఉంటేనే నిలదొక్కుకుంటుంది, గంజిని తెంచుతుంది. పాత నీళ్ళలో దండిగా ఉండేది కాబట్టి ఎవరం దాని ఊసెత్తలేదు. బాయిలర్లో సున్నమై పేరుకునే ఆ కాల్షియాన్నే నీ యంత్రం తీసేస్తోంది. ఈ బోరు నీళ్ళలో అది బోలెడుంది."

చిన్న తొట్టిలో బోరు నీళ్ళు పోసి, పొడి కలిపి, బట్ట ముక్క వేశారు. గంటయ్యాక మామ అయోడిన్ సీసా అల్లుడికిచ్చాడు. "నువ్వే వెయ్యి."

తొందరలో సగం మందు బొటనవేలి మీదే ఒలికింది. బట్ట మీద నీలం రాలేదు.

"ఎవరు కనిపెట్టారు?" అన్నాడు అప్పుడే వచ్చి బట్ట చూసిన యజమాని.

"మా అల్లుడేనండీ. నేను క్యాన్లు మోశానంతే," అంటూ మామ, అల్లుడు నోరు తెరవకుండా చెయ్యి గట్టిగా నొక్కాడు. మర్నాటి నుంచి తొట్టిలో కొలత ప్రకారం కాల్షియం ఉప్పు కలపాలని అక్కడే నిర్ణయమైంది.

ఆ సాయంత్రం భర్త వేలు చూసి కూతురు సబ్బు తెచ్చింది. "అయ్యో, నాన్న వేలులాగే అయిందేంటండీ! ఇలా ఇవ్వండి, రుద్దుతా."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు," అన్నాడు. "నాలుగు రోజులు ఉండనీ."