వదిన చేతికి తెలిసిన తేమ

ముప్పై ఏళ్లుగా ఇంటి వసారాలో ఇస్త్రీ చేస్తున్న ఆవిడకు, ఏ బట్టలో ఎంత చెమ్మ ఉందో ముట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది. ఆవిడ మరిది ఎలక్ట్రీషియన్. కోడిగుడ్లు పొదిగించడానికి థర్మాకోల్ పెట్టెకు బల్బు, ఫ్యాను, తేమ చూపే మీటరు బిగించాడు. మొదటి విడత ఇరవై నాలుగు గుడ్లలో రెండే పిల్లలయ్యాయి. మిగతావి పగలగొట్టి చూస్తే, నిండుగా ఎదిగిన పిల్లలు లోపలి తడిలోనే చచ్చిపోయి ఉన్నాయి. అతనికి రెండు రోజులు ముద్ద దిగలేదు.

రెండో విడత మళ్లీ ఇరవై నాలుగు గుడ్లు పెట్టిన రోజే ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి చూసింది.

"నీళ్లు చల్లి మూటకట్టిన బట్టల్లో చెయ్యి పెట్టినట్టుంది. తేమ ఎక్కువైందయ్యా."

"మీటరు నలభై ఐదు శాతమే చూపిస్తోంది వదినా. ఉండాల్సింది అంతే."

"మీటరే తప్పేమో చూడు."

అతను నవ్వాడు గానీ, మాట తీసెయ్యలేదు. మీటరును తడి ఉప్పుతోపాటు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అలా పెడితే డెబ్బై ఐదు చూపించాలి. అది అరవై దగ్గరే ఆగిపోయింది. అంటే ఉన్న తేమకంటే తక్కువ చూపిస్తోందన్నమాట.

ఆ రోజు నుంచి నీళ్ల గిన్నె ఆవిడ చేతికొచ్చింది. పద్దెనిమిది రోజులు పొదుపుగా పోసింది. చివరి మూడు రోజులు మాత్రం, పెంకు లోపలి పొర ఎండిపోకుండా తడిగుడ్డ కూడా పెట్టి, మూత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇరవై ఒకటో రోజున పంతొమ్మిది పిల్లలు కిచకిచలాడాయి.

చూడవచ్చిన పక్కింటాయన, "ఈసారి ఏం మార్చావయ్యా?" అన్నాడు.

"నాదేం లేదండీ. మా వదిన చెప్పినట్టు చేశానంతే," అన్నాడు మరిది, వీధికంతా వినబడేలా.

"చెమ్మ సంగతైతే నన్నడగాలి మరి," అంది ఆవిడ. గొంతులోని గర్వాన్ని దాచుకోవాలని ఆవిడకు అనిపించలేదు.

మర్నాడు పక్కింటాయన తన గుడ్లు తెచ్చి నేరుగా ఆవిడ చేతికే ఇచ్చాడు.