తునికాకులో వెండి

ఒంటికీ ఏటికీ చేటుచేసే రసాయనాలు లేకుండా, ఉత్త ఆకు కషాయంతోనే వెండి నానోకణాలు చేయాలి. రెండువేల దశకం చివర్లో పీహెచ్‌డీకి మా గైడు సారు ఇచ్చిన టాపిక్ అది. అడవి పక్క పిల్లను కదా, తునికాకు ఎంచుకున్నాను. బీడీలు చుట్టే ఆ ఆకును ములకలపల్లిలో మా అమ్మే తెంపి, శుభ్రం చేసి, నీడన ఆరబెట్టి ఖమ్మం బస్సులో పంపేది.

ఆకును పొడిచేసి, మరిగించి, ఆ కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో పోస్తే, వెండి కణాలు పుట్టి రంగు టీలాగా తిరగాలి. నాకేమో పోయగానే విరిగిన పాలల్లే తెల్లగా అయ్యేది. నీళ్ళు మార్చాను, గాజు సామాను మార్చాను. ఊహూ! "పెరుగు తోడేసినవా ఏంది?" అని ల్యాబులో ఒకటే ఎగతాళి. చివరికి సారు, "ఇంకొక్కసారి చూడు. రాకపోతే టాపిక్ మార్చేద్దాం" అన్నారు. మార్చడమంటే అప్పటిదాకా చేసిందంతా గంగపాలే. ఏడుపు ఆగలేదు.

ఈసారి ఆకు నేనే తెచ్చుకుందామని ఇంటికి పోయాను. వాకిట్లో అమ్మ గంగాళం నిండా ఆకు నానేసి, గుప్పెడు దొడ్డుప్పు చల్లుతోంది.

"అమ్మా! ఏందది?"

"ఉప్పే బిడ్డా. గోంగూరకు ఏస్త గదా, గట్లనే. పురుగూ పుట్రా పోతయి. కాలేజోళ్ళ ముంగట నీ పరువు పోవద్దని ఎప్పుడూ ఏస్త."

నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. ఉప్పు తగిలితే వెండి తెల్లగా పేరుకుపోతుంది, ఇక రంగెక్కడ తిరుగుతుంది! ఆ మాట చెప్పగానే అమ్మ మొహం మాడిపోయింది.

"అయ్యో, నేనే పాడుజేసిన్నా? పద, నేనూ వస్త. నా కండ్లతోటి జూస్త" అని నాతో బస్సెక్కింది.

కడగని ఆకు తెచ్చి ల్యాబులో డిస్టిల్డ్ వాటర్‌తో నేనే కడిగాను. అమ్మ దేన్నీ ముట్టుకోనని చేతులు కొంగులో చుట్టుకుని గోడవారన నిలబడింది. కషాయం పోశాను. తెలుపు రాలేదు. కాసేపటికి లేత పసుపు, తర్వాత తేనెరంగు, మధ్యాహ్నం దాటేసరికి చిక్కటి టీ.

సారు వచ్చి వెలుతురులో పట్టి చూశారు. "మిషన్‌లో పెట్టి చూడాలిగానీ, వచ్చినట్టే. ఇదే కానియ్" అని వెళ్ళిపోయారు.

ఫ్లాస్కు అమ్మ చేతిలో పెట్టాను. కొంగు విప్పి, రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ గిన్నెడు నీళ్ళకేనా బిడ్డా, గిన్ని దినాలు ఏడ్చింది?"

"అవ్ అమ్మా" అన్నాను. అంతే, ఆమె భుజం మీద తల పెట్టి మళ్ళీ ఏడ్చాను.