కుడి అంచున రాములు మామ

మా పురుషోత్తానికి తెర మీద బొమ్మ సరిగ్గా నడుమ లేకపోతే ముద్ద దిగదు. లాలాగూడలో మా ఇద్దరిదీ ఒకే దుకాణం. ఫొటోలూ పేర్లూ పూలూ లేయర్లుగా ఒకదాని మీద ఒకటి పేర్చి కదిలే వీడియోలు చేస్తాం. చేసేది అతను, ఆలస్యానికి తిట్లు తినేది నేను. ఒక పెళ్లి వీడియోలో వధూవరుల పేర్లను వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే, ఆ జంట బారసాల వీడియో చేయమని చెప్పడానికి వచ్చేసింది.

ఈ జబ్బు దుకాణంలోనే ఆగితే బాగుండేది. హోటల్లో కప్పు సాసరు నడుమకు వచ్చేదాకా చాయ్ ముట్టడు. ఒకసారి పక్కింటావిడ బొట్టు పక్కకుందని వేలితో జరపబోయాడు. ఆ రోజు అతని భార్య రజిత పొయ్యి వెలిగించలేదు.

పోయిన నెల రాములు మామ పోయాడు. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి, మా దుకాణానికి పెద్దదిక్కు. దినాలనాడు షామియానా కింద తెర మీద వేయడానికి ఆయన వీడియో చేయమన్నాడు కొడుకు కిషన్.

మామ భార్య విమలమ్మకు అంతకుముందే పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆయన ముఖం చూపించమని రోజూ అడిగేది. దండ వేసిన ఫొటో ఆమెకు ఎడమ పక్క గోడకే ఉంది. అదిగో అంటే అటు తిరిగేది కాదు. అమ్మకు మతి కూడా పోయిందని కిషన్ కుమిలిపోయాడు.

మేం ఫొటోల కోసం వెళ్లేసరికి ఆమె అన్నం తింటోంది. కంచంలో కుడి సగం ఖాళీ, ఎడమ సగం ముట్టలేదు. పాపం, ఆకలి లేదనుకున్నాం. పురుషోత్తం మాత్రం గీత గీసినట్టు నడుమ ఆగిన ఆ అన్నాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, ఎడమది కుడికి వచ్చేలా కంచం తిప్పాడు. చావింట్లో కంచాలు కూడా సరిచేస్తున్నాడని నాకు తల కొట్టేసినట్టయింది. విమలమ్మ మాత్రం మిగిలిన అన్నం తినేసింది.

దినాలనాడు తెర వెలిగింది. రాములు మామ ముఖం కుడి అంచున ఉంది, మిగతా తెరంతా ఖాళీ. భోజనాలకొచ్చిన చుట్టాలు నవ్వుకున్నారు. కిషన్ మీదికొచ్చాడు.

"ఏందన్నా, మా నాయనను మూలకు నెట్టినవ్?"

"నాకు సుత పానం ఒప్పలేదు తమ్మీ," అన్నాడు పురుషోత్తం. "అమ్మకు ఎడమ దిక్కు కానొస్తలేదు. జెర అమ్మను చూడు."

విమలమ్మ తెరకేసి చూస్తోంది. చూసి చూసి ఏడ్చింది. మేమూ ఏడ్చాం. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని కొడుకును పిలిచింది.

"ఫొటోకైతే గడ్డం గీక్కున్నడు బిడ్డా. నేను చెప్తే ఎన్నడన్న ఇన్నడా?"

కిషన్ ఏడుస్తూనే నవ్వి, ఆమె కుడి పక్కకు వచ్చి కూర్చున్నాడు.