గడ్డి బేలుకు నేను పెట్టిన చిల్లు

ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఒక మెప్పు నన్ను వెంటాడుతోంది. "ఆవిడ ముందే చెప్పింది." మా ఆయన అంటాడు. మా అత్తగారు అంటారు. వచ్చిపోయే చుట్టాల ముందు కూడా అంటారు. విన్న ప్రతిసారీ అక్కడినుంచి లేచి వెళ్ళిపోతాను. చెడుతుందని ముందే చెప్పినదాన్నీ నేనే, చెడగొట్టినదాన్నీ నేనే. ఆ రెండో సంగతి నిన్నటిదాకా ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మొదటినుంచీ మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చీపురుపల్లి పక్క ఊరు. పెళ్ళి ఊరేగింపులకు మా ఆయన గుర్రాలు పంపుతాడు. అప్పట్లో మూడుండేవి. వాటిని చూసుకునేది సింహాద్రి, మా ఆయన చిన్నాన్న కొడుకు, నాకు మరిది. గుర్రం దగ్గిందంటే తింటున్న కంచం వదిలేసి లేచిపోయే మనిషి.

ఆ వేసవిలో పచ్చగడ్డికి కటకటలాడతామని మా ఆయన కొత్తరకం బేళ్ళు తెప్పించాడు. సగం ఎండిన గడ్డిని బిగించి, గాలి చొరకుండా ప్లాస్టిక్ చుట్టేస్తారు. లోపల అది మాగుతుంది. ఒక్కో బేలు నా భుజమెత్తు. నాకు నచ్చలేదు. తెరిచిన బేలు నాలుగు రోజుల్లో అయిపోవాలంటున్నారే, మూడు గుర్రాలు అంత తింటాయా అన్నాను. మిగిలింది ఆవులకేస్తామన్నాడు. పచ్చిది మూసిపెడితే కుళ్ళదా అన్నాను. నీకు తెలీదులే అన్నాడు. డిగ్రీ చదివినదాన్ని, నాకు తెలీదట! మూడు రోజులు ఇంట్లో ఇదే రభస.

మా పుట్టింటివాళ్ళు ధాన్యం కొనేవాళ్ళు. మొనదేలిన ఇనుప గొట్టం బస్తాలో గుచ్చి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని చూడందే మా నాన్న ఏ బస్తానీ దించనిచ్చేవాడు కాదు. అలాంటి గొట్టమొకటి నా దగ్గరుంది. ఓ మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు వెళ్ళాను. గోడకూ చివరి బేలుకూ మధ్య సందులో దూరి, గొట్టాన్ని పిడిదాకా గుచ్చాను. కుళ్ళిన గడ్డి బయటికి లాగి మా ఆయన ముక్కు దగ్గర పెడదామని. వచ్చిన గడ్డి మెత్తగా, శుభ్రంగా ఉంది. కొంచెం పులుపు, కొంచెం తీపి కలిసిన వాసన. నేను ఓడిపోయాను.

గోనెసంచిని గుచ్చితే పోగులు మళ్ళీ దగ్గరకొస్తాయి. ప్లాస్టిక్ అలా కాదు. నాకు తెలియదా? తెలుసు. కాకి పొడిచిన చోటల్లా సింహాద్రి టేపు అతికించడం రోజూ చూస్తున్నదాన్నే. టేపు చుట్ట గుమ్మం పక్క మేకుకే వేలాడుతోంది. జానెడు ముక్క చాలు. తీసుకోలేదు. ఎందుకు? ఒక్క చిల్లు ఏం చేస్తుందిలే అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా? లేక చెడిపోతే చెడిపోనీ, నా మాట నెగ్గుతుంది అనుకున్నానా? ఎన్నిసార్లు తిరగేసినా రెండోదే నిజమనిపిస్తుంది. గుర్రం చావాలని కోరుకోలేదు. నేను చెప్పిందే రైటు కావాలని మాత్రం కోరుకున్నాను. తినేది గుర్రమని మరిచిపోయాను.

నెలన్నర తర్వాత ఆ బేలు తెరిచారు. ముందువైపు గడ్డి బాగానే ఉంది. నాలుగో రోజుకి గోడవైపు గడ్డికి వచ్చారు, అందులో మొదటి మోపు తెల్లగుర్రం మల్లికి పడింది. మర్నాడు అది నోట్లోది మింగలేకపోయింది. నాలుక బయటికి వేలాడేసింది. తర్వాత కూలబడింది, మళ్ళీ లేవలేదు. బేలులోకి ఎక్కడో గాలి చొరబడి గడ్డి విషమైందని పశువుల డాక్టరు చెప్పాడు. మా ఆయన ప్లాస్టిక్ విప్పి చూశాడు. చిల్లు దొరికింది, దాని చుట్టూ నల్లటి బూజు.

"రోజూ సూస్తన్నానన్నావు కదరా! ఏటి సూసినావు?" అని సింహాద్రి మీద విరుచుకుపడ్డాడు.

సింహాద్రి మల్లి తల దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఆ సందులోకి దూరి సూడనేదు అన్నయ్యా. ఎలక కొట్టేసుంటాది. తప్పు నాదే."

"మీ వదిన ముందే సెప్పింది."

సింహాద్రి నావైపు తలెత్తాడు. "అవును వదినా, నువ్వు సెప్పినావు. మేం ఇననేదు. ఏటి వదినా, ఈయాల మాటాడవేటి? రోజూ ఈది సివరిదాకా ఇనబడతాది కదా నీ గొంతు."

చెప్పాల్సిన క్షణం అదే. నా నోరు తెరుచుకుంది కూడా. వచ్చిన మాట ఇది:

"ఏటి మాటాడమంటావు? సెప్పినప్పుడు ఇన్నారా మీరు?"

అతను తల దించుకున్నాడు. ఇంకెప్పుడూ షెడ్డు గడప తొక్కొద్దని మా ఆయన అన్నాడు. సింహాద్రి గరివిడి వెళ్ళి లారీల లోడింగు పనిలో చేరాడు. మళ్ళీ గుర్రం మీద చెయ్యి వెయ్యలేదు.

పదిరోజుల కిందట విజయనగరంనుంచి గుర్రాలాయన ఒకరు ఫోన్ చేశారు. సింహాద్రి పనికి వస్తానంటున్నాడట, ఎలాంటివాడని అడిగారు. "మనిషి మంచోడే గానీ అశ్రద్ధ. ఓ గుర్రాన్ని పోగొట్టాడు" అన్నాడు మా ఆయన. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఒలుస్తూనే ఉన్నాను.

ఆ రోజునుంచి ఒకచోట కూర్చోలేకపోయాను. తుడిచిన అరుగే మళ్ళీ తుడిచాను. ఊరికే ఉన్న అత్తగారితో పోట్లాట పెట్టుకున్నాను. నిన్న పొద్దున్న మా ఆయన ఫోన్‌లో ఆ నెంబరు వెతికి నేనే ఫోన్ చేశాను. "సింహాద్రిది తప్పు కాదండీ. బేలుకి చిల్లు పెట్టింది నేను. తెలిసి కూడా మూయలేదు" అన్నాను. ఆయన నెమ్మదిగా అన్నారు: "వేరేవాణ్ణి పెట్టేసుకున్నామమ్మా."

దాంతో ఏదీ బాగుపడలేదు. సింహాద్రికి పని రాలేదు. గరివిడి వెళ్ళి అతని ముందు నిలబడటం ఇంకా మిగిలే ఉంది. అయినా ఆ మాట నా గొంతులోంచి బయటికొచ్చింది, నా చెవులతో నేను విన్నాను. చాలా ఏళ్ళ తర్వాత గుండెలనిండా ఊపిరి అందింది.

ఫోన్ పెట్టి తిరిగేసరికి గుమ్మంలో మా ఆయన. మొత్తం విన్నాడని మొహం చూస్తేనే తెలిసింది. ఏమైనా అంటాడేమోనని నిలబడ్డాను. వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళి, గోడ పక్క ఆ సందు ముందు నిలబడ్డాడు.