గాలివాటం తెలియని వీరనారి

ఆ రోజుల్లో బుద్ధి చెప్పేవాళ్లు ఇంటినిండా ఉండేవారు, బుద్ధి మాత్రం మనకి ఉండేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మాది మిరప తోటల కుటుంబం. నాన్న ఊళ్లో సేద్యం చూసుకుంటుంటే, మా చదువుల కోసమని అమ్మ, అక్క, నేను గుంటూరు వచ్చి బ్రాడీపేటలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను డిగ్రీ రెండో ఏడు. చదివేది కామర్సు, చదవాలనిపించేది మాత్రం వేరే. మా సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కగానే పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి ఒక భాయ్ కూర్చునేవాడు. తూకానికి కొన్న ఇంగ్లీషు నవలలన్నీ ఎండకి వెలిసిపోయిన అట్టలతో ఆయన దగ్గర గుట్టగా పడి ఉండేవి. అయిదారేసి ఇచ్చి, చదివి తిరిగిచ్చేస్తే ఇంకొన్ని ఇచ్చేవాడు. ఆ గుట్టలోంచి ఒకరోజు ఒక పుస్తకం తీసి, "ఇది తీసుకెళ్లమ్మా, ఇందులో ఆడపిల్ల అందర్నీ కొట్టేస్తది" అన్నాడు. ఆ మహానుభావుడు ఆ ఒక్క మాట అనకపోయుంటే నా యవ్వనం కొంచెం గౌరవంగా గడిచి ఉండేది.

ఆ నవలల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను, ఒకటి చెబితే అన్నీ చెప్పినట్టే. ఏదో పెద్ద నగరం. అక్కడ చీకటి పడితే రక్తం పీల్చేవాళ్లు, తోడేళ్లయిపోయేవాళ్లు మామూలు జనంలో కలిసి తిరుగుతుంటారు. పోలీసులకి చేతకాదు. ఒక అమ్మాయికే చేతనవుతుంది. ఆమె నల్ల తోలు కోటు వేసుకుంటుంది (ఆ కోటు మా గుంటూరు ఏప్రిల్‌లో వేసుకుంటే రక్తం పీల్చేవాడికి పని ఉండదు, అంతా చెమటగానే పోతుంది). బూటులో కత్తి. పాలు లేని కాఫీ. ఎవరేం అడిగినా పుల్లవిరుపు జవాబు. మూడో అధ్యాయంలో పక్కటెముకలు విరుగుతాయి, నాలుగో అధ్యాయంలో గోడ దూకుతుంది. ఇద్దరు అందగాళ్లు, ఒకడు శవం, ఇంకొకడు తోడేలు, ఆమె కోసం కొట్టుకు చస్తుంటే ఈవిడ ఇద్దర్నీ చీదరించుకుంటుంది. జుట్టుకి నూనె రాయడం, జాకెట్టు కుట్టడానికివ్వడం, కరెంటు పోతే నీళ్లు పట్టుకోవడం లాంటివి ఆమె జీవితంలో లేవు. తోలు కోటుకి రక్తం అంటితే ఎవరు ఉతుకుతారో ఏ రచయితా చెప్పలేదు. ఇంత చెత్తని నేను ఒకటి తర్వాత ఒకటి నమిలి మింగాను. ఇంగ్లీషు బాగుపడుతోందని నాన్న మురిసిపోయాడు. బాగుపడిన మాట నిజమే. బ్యాంకుకి ఉత్తరం రాయడం రాలేదు గానీ, శవపేటికని ఎన్ని రకాలుగా అనొచ్చో వచ్చింది.

చదివి ఊరుకుంటే ఈ కథ లేదు. నేను మారడం మొదలుపెట్టాను. తోలు కోటుకి దిక్కులేదు కాబట్టి నల్ల చుడీదార్. తోలు బూట్లు లేవు కాబట్టి స్కూల్లో వేసుకున్న కాన్వాసు బూట్లకే నల్లరంగు పూశాను. ఒకరోజు అమ్మని కాఫీలో పాలు వద్దన్నాను. అమ్మ గిన్నె మూత తీసి వాసన చూసి, "పాలు బానే ఉన్నాయిగా, నీకేమైందే" అంది. కూరగాయల చాకు మేజోడులో దోపుకుని కాలేజీకి బయల్దేరితే గుమ్మం దాటకుండానే చీలమండ తెగింది. చాకు కోసం వంటింట్లో వెతుకుతున్న అమ్మకి అది నా కాలి దగ్గర దొరికింది. ఆ సాయంత్రం "ఎక్కడికే" అని అడిగితే, నవలలో ఆ పిల్లలాగా ఒక కనుబొమ్మ ఎత్తి, "ఎక్కడికైతే నీకెందుకు" అన్నాను. అమ్మ ఏ నవలా చదవలేదు. చెంప పగిలింది. పక్కటెముకలు విరిగినా గోడ దూకే ఆ పిల్లకి మా అమ్మ చేతి దెబ్బ తగిలుంటే తెలిసేది.

అక్క వేరే రకం. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉండి, సందులో పిల్లలకి ట్యూషన్లు చెప్పేది. గడప దాటడం తక్కువ, గొంతు పెంచడం ఇంకా తక్కువ. బీఎడ్ చదివి టీచరు కావాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక. "పెళ్లయ్యాక చదువుకోవచ్చులే" అనేవాడు నాన్న. అది ఎవరింట్లో అయినా వద్దని చెప్పే పద్ధతే. ఆ మధ్య వినుకొండ నుంచి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడు అక్కడే ఏదో కాలేజీలో పాఠాలు చెబుతాడు. అమ్మాయి బీఎడ్ చదువుతానంటే నేనే చేర్పిస్తానని మధ్యవర్తితో అన్నాడట. ఆ మాట విన్నరోజు అక్క పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మేమంతా నీళ్లు కలుపుకుని తిన్నాం. పిల్లాడి వాళ్లమ్మ గట్టి మనిషనీ, ఆవిడ ఊఁ అనందే వాళ్లింట్లో ఆకు కూడా కదలదనీ మధ్యవర్తి చెప్పి వెళ్లాడు. ఇక వాళ్ల కబురు కోసం ఎదురుచూపు.

సరిగ్గా అప్పుడే నాకు నా రాక్షసుడు దొరికాడు. మా సందు మలుపులో సోడా కొట్టు పక్కన ఒక పెద్దాయన నిలబడేవాడు. తెల్ల పంచె, చేతిలో పెద్ద నల్ల గొడుగు. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అక్కడే ఉండేవాడు. నన్ను చూసి పక్కకి తిరిగేవాడు, నేను దాటాక మళ్లీ చూసేవాడు. సోడా కొట్టతనితో ఏదో గుసగుసలాడేవాడు. మర్నాడు ఇస్త్రీ బండి దగ్గర కనపడ్డాడు, ఆ మర్నాడు మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లాడు. ఎండ పొడ గిట్టదు, గొడుగు దించడు, ముఖం పాలిపోయి ఉంది. ఇంకేం కావాలి? (ఏప్రిల్ ఎండలో గుంటూరులో గొడుగు దించేవాడు ఎవడూ ఉండడన్న సంగతి నాకు తట్టలేదు. నవలలు చదివితే తెలివి అలాగే పెరుగుతుంది.) అమ్మతో చెప్పాలి నిజానికి. కానీ ఆ నవలల్లో ఏ పిల్లా అమ్మతో చెప్పదు. మొన్నటి చాకు అనుభవం వల్ల ఈసారి మా తోట కారమే కాగితంలో పొట్లం కట్టి చున్నీ కొసకి ముడేసుకున్నాను.

ఆ సాయంత్రం గాలి జోరుగా ఉంది. మార్కెట్ యార్డుకి మిర్చి లారీలు వెళ్లే రోజులు, ఊరంతా దగ్గుతూ ఉండేది. మలుపు తిరిగేసరికి ఆయన రోడ్డు మధ్యకొచ్చి, "అమ్మాయ్, ఒక్కమాట" అన్నాడు. కాళ్లు దూరంగా పెట్టి నిలబడ్డాను, ఇంగ్లీషులో ఒక డైలాగు కూడా అన్నాను. అది ఆయనకి అర్థం కాకపోవడం మా ఇంటి అదృష్టం. పొట్లం విప్పి గుప్పెడు కారం ఆయన ముఖం మీదికి విసిరాను. ఆయన తాపీగా గొడుగు ముందుకి దించాడు. గాలి ఆయన వైపు నుంచి నా వైపుకి వీస్తోంది. నేను విసిరిన కారం యావత్తూ భద్రంగా నా దగ్గరికే తిరిగొచ్చింది.

మిరప రైతు బిడ్డకి ఇంతకన్నా పరువు తక్కువ ఇంకొకటి లేదు. కల్లంలో కాయలు ఎత్తేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకూడదని మా ఇళ్లల్లో నడక రాకముందే నేర్పుతారు. కళ్లు, ముక్కు, గొంతు ఒక్కసారే అంటుకున్నాయి. "అమ్మా" అని అరుస్తూ రోడ్డు మీద చతికిలబడ్డాను. అంతవరకు ఆ పదం నా నిఘంటువులో లేదనుకున్నాను. సోడా కొట్టతను పరిగెత్తుకొచ్చి రెండు సీసాలు కొట్టి ముఖాన పోశాడు. పైనుంచి ఆ పెద్దాయన గొంతు వినపడింది. "గాలి ఇటు నుంచి వస్తుంటే కారం ఇటే చల్లుతారంటమ్మా? మీ నాయన మిరప రైతేగా?"

అంత మంటలోనూ నా బుర్ర ఏమనుకుందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. వేటాడే ముందు వాడు మన వంశం వివరాలన్నీ సేకరిస్తాడు అని ఒక పుస్తకంలో ఉంది కదా, అనుకుంది.

ఆయన పరాయి ఆడపిల్ల చెయ్యి పట్టుకోకూడదని గొడుగు ముడిచి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నాడు. కళ్లు మూసుకుపోయిన వీరనారిని సందంతా చూస్తుండగా గొడుగుతో నడిపించుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు. ఇల్లెక్కడని నన్ను అడగలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది. గుమ్మంలో అమ్మ గొంతు, "ఏమైందే, ఎవరండీ మీరు" అంది. "నేను వినుకొండ నుంచి వచ్చానమ్మా. పిల్లాడి మేనమామని" అన్నాడు ఆయన.

సంబంధం కలుపుకునే ముందు చడీచప్పుడు లేకుండా వాకబు చేయడం మా వైపు మామూలే. పెళ్లిచూపుల్లో పట్టుచీర కట్టుకుని కూర్చున్న పిల్లని ఎవరైనా చూస్తారు. ఇంటి చుట్టుపక్కల విచారించి, పిల్ల నడక, మాట దూరం నుంచి చూసి వెళ్లడానికి ఇంట్లో నమ్మకమైన మనిషిని ఒకర్ని పంపుతారు. ఈయన్ని పంపారు. అక్క గడప దాటదు కాబట్టి ఆయనకి కనపడింది నేనొక్కదాన్నే. "ఈ పిల్లే పెళ్లికూతురనుకున్నానమ్మా. ఆ నల్లబట్టలు, ఆ బూట్లు చూసి మా అక్కకేం చెప్పాలో తెలియక రోజూ ఆ మలుపులోనే తిరుగుతున్నా. ఇయ్యాల అడిగేద్దామని పిలిస్తే ఇదిగో, ఈ సత్కారం" అన్నాడు. అమ్మ గోడ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నాకు కళ్లు కనపడకపోయినా అమ్మ ముఖం కనపడింది.

అక్క పాత నేతచీరలోనే బయటికొచ్చింది, తల నుంచి నూనె కారుతోంది. నన్ను పంపు దగ్గర కూర్చోబెట్టి ఆపకుండా నీళ్లతో కళ్లు కడిగింది, చెంపలకి మజ్జిగ రాసింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తన బీఎడ్ కూడా ఆ తూములోనే కొట్టుకుపోతోందని తనకి తెలుసు. అది తలుచుకుంటే నా కళ్లల్లోంచి కారేది ఏ నీళ్లో నాకే తెలియలేదు. తువ్వాలు పిండి దండెం మీద వేసి, ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"మా చెల్లెలు చేసింది తప్పేనండి. దాని తరఫున నేను క్షమించమంటున్నాను. కానీ అన్ని రోజులు మలుపులో నిలబడి చూస్తుంటే ఆడపిల్ల ఏమనుకోవాలండి? మీ ఇంటి పిల్లని ఎవరైనా అట్టా చూస్తే మీరు ఊరుకుంటారా? మా గురించి తెలుసుకోవాలంటే ఈ తలుపు తీసే ఉందిగా. లోపలికొచ్చి అడిగితే మజ్జిగిచ్చి మరీ చెప్పేవాళ్లం."

గొంతు పెరగలేదు. అమ్మ వెనక నుంచి చెయ్యి గిల్లుతున్నా ఆగలేదు. తను మాట్లాడే ప్రతి మాటా తన సంబంధం మీదే పడుతోందని తెలిసి కూడా చివరిదాకా మాట్లాడింది. నేను చదివిన కొన్ని డజన్ల నవలల్లో ఒక్కత్తీ, పోగొట్టుకునేది ఏదైనా ఉండి కూడా అలా మాట్లాడలేదు. పెద్దాయన అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, గొడుగుకంటిన కారం దులుపుకుని (గాలివాటం చూసుకుని మరీ దులిపాడు) వెళ్లిపోయాడు.

వినుకొండ నుంచి ఏ కబురూ లేదు. అక్క ట్యూషన్లు చెబుతూనే ఉంది. నాన్న ఊరి నుంచి వచ్చి సంగతంతా విని, నాతో మాట్లాడటం మానేశాడు. ఆయనకి ఒళ్లు నొప్పులు, మండు వేసవిలోనూ వేణ్ణీళ్లే పోసుకునేవాడు. నా నవలల్ని అమ్మ ఆ నీళ్లు కాచే బాయిలర్‌లోకి సద్వినియోగం చేసింది. ఒక్కో వీరనారికి ఒక్కో బకెట్ కాగాయి. వాటి వల్ల లోకానికి జరిగిన మేలు అదొక్కటే అని నేను ఇప్పటికీ అంటాను. భాయ్‌కి మాత్రం చాలాకాలం ముఖం చూపించలేకపోయాను.

మామిడికాయ ఊరగాయల రోజుల్లో వాళ్లు ఉత్తరం కూడా రాయకుండా, మొత్తం కుటుంబంతో తీసి ఉన్న తలుపులోంచే లోపలికొచ్చారు. గట్టి మనిషన్న ఆ అత్తగారు అక్కని పైనుంచి కిందికి చూస్తుంటే, గొడుగు మామయ్య కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు. "మా అక్క ముందు నోరు విప్పినోళ్లు మా ఇంటా వంటా లేరమ్మా. ఈ పిల్ల విప్పుద్ది. అందుకే మూడు వారాలు పోరి మరీ తీసుకొచ్చా." అత్తగారు తమ్ముడి వైపు గుర్రుగా చూసింది గానీ కాదనలేదు. అక్క బీఎడ్ చదివింది. ఇప్పుడు వినుకొండలో హెడ్మిస్ట్రెస్, అత్తగారు ఆమెని అడగందే ఊరగాయ కూడా కలపదు. మామయ్య పోయేదాకా ఏ శుభకార్యంలో నేను ఎదురుపడినా, పందిట్లోనే గొడుగు విప్పేవాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో అవే నవలలు చదువుతోంది. అదే తోలు కోటు, అదే శవం, అదే తోడేలు. "ఇంత చెత్త ఎట్టా చదువుతావే" అని రోజూ సాధిస్తాను. అది నిద్రపోయాక నేనూ నాలుగు పేజీలు తిరగేస్తాను, ఎంత చెత్తో చూద్దామని. అన్నిటిలోనూ ఒకటే సంగతి. ఆ పిల్లకి తల్లి ఉండదు. మొదటి పేజీలోనే ఏ రాక్షసుడో చంపేసి ఉంటాడు. ఆ వయసులో నేను ఆ కత్తి చూసి, ఆ బూట్లు చూసి మోజుపడ్డాననుకున్నాను. అదేం కాదు. ఆమె ఇంట్లోంచి బయల్దేరుతుంటే "ఎక్కడికే" అని అడిగే మనిషి లేదు, అంతే. మొదటి పేజీలో పోయే ఆ మనిషిని ఇప్పుడు నేనే.

మొన్న సాయంత్రం మా అమ్మాయి నల్ల జీన్సు వేసుకుని, పాలు లేని కాఫీ తాగి బయల్దేరింది. "ఎక్కడికే" అన్నాను. ఒక కనుబొమ్మ ఎత్తింది. ఆ కనుబొమ్మ నాకు బాగా తెలుసు. చెయ్యి లేచింది గానీ, నవ్వొచ్చి దించేశాను. అది మెట్లు దిగిపోతుంటే గుమ్మంలో నిలబడి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని వెళ్లమన్నాను.