తిప్పుడు కాగితం

ఈ కథలో మొసలి లేదు. మా దీవిలోని బతు బస్తీలో నేను చెప్పే ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట మొసలి దూరుతుందని పిల్లలకు తెలుసు. అది ఒకసారి బస్సెక్కి అబర్డీన్ బజార్‌లో దిగి, చిల్లర కోసం కండక్టరుతో పోట్లాడింది కూడా. ప్రమోద కథలో దానికి పని లేదు. అందులో పాడు పని చేసింది నేనే.

ప్రమోద మా వెనకింటి అప్పలరాముడి కూతురు. ముప్ఫై రెండేళ్ళుంటాయి. పగలు అబర్డీన్ బజార్‌లోని ఒక జిరాక్స్ కొట్టులో అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తుంది. ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నడిచే ప్రోగ్రాములు రాస్తుంది. ఎవరూ నేర్పలేదు. చూసి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకుంది. మొదట ఒక ఆట తయారు చేసింది. పేరు ‘డింగీ దౌడ్’. ఫోన్‌ను ఎటు వంచితే తెర మీది డింగీ, అంటే చిన్న పడవ, అటు తిరుగుతుంది. రాళ్ళు తప్పించుకుంటూ, పడవలు కట్టే జంగ్లీఘాట్ జెట్టీ చేరాలి.

ఆ ఆటను అందరికంటే బాగా ఆడేవాడు ఆమె తమ్ముడు చిట్టిబాబు. ఇరవై ఆరేళ్ళవాడు. తండ్రితోపాటు చేపల వేటకు వెళ్తాడు. ఆటలో లోపం ఎక్కడున్నా ముందు వాడి వేళ్ళకు తెలిసిపోయేది.

“దీదీ, నీ సముందర్ ఝూటా. అసలు సముద్రంలో డింగీ ఇంత తొందరగా మాట వినదు” అనేవాడు.

“అయితే నీలాగా మొండిగా చెయ్యమంటావా?” అని ఆమె వెళ్ళి డింగీని మొద్దుగా మార్చేది.

తిప్పుడు కాగితం ఆ ఆటలోంచే పుట్టింది. జెట్టీ దగ్గర అంటించే వాతావరణం నోటీసును ప్రమోద తెలుగులో టైపు చేసి, రోజూ తెల్లవారేసరికి వేటగాళ్ళ ఫోన్లకు పంపేది. పెద్దవాళ్ళకు కళ్ళు ఆనవు కాబట్టి అక్షరాలు పెద్దవిగా పెట్టేది. అందువల్ల నోటీసు ఒక్క తెరలో పట్టదు, కిందికి జరపాలి. ఉప్పునీటితో తడిసిన వేళ్ళకు తెర లొంగదు. ఒకరోజు ఆమె నవ్వు ఆపుకోలేక మా ఇంటికి వచ్చింది.

“తాతా, నాన్న ఫోన్‌ను ముక్కుతో జరుపుతున్నాడు!”

ఆ వారంలోనే పని పూర్తి చేసింది. వేలు పెట్టక్కర్లేదు. ఆటలో డింగీని తిప్పినట్టే ఫోన్‌ను ముందుకు వంచితే కాగితం కిందికి జరుగుతుంది, వెనక్కి వంచితే పైకి వస్తుంది. అప్పలరాముడు దాన్ని పడవెక్కి చూసి మొహం చిట్లించాడు.

“ఏటే అమ్మీ ఇది? అలకి పడవ ఊగితే నీ కాగితం కూడా తాగినోడిలా ఊగుతంది.”

అందుకని ఆమె ఇంకొక ఏర్పాటు చేసింది. ఫోన్ పక్కనున్న మీట నొక్కితే కాగితం ఉన్నచోటే నిలిచిపోతుంది. మళ్ళీ నొక్కితే కదులుతుంది. నిలిచినట్టు తెలియడానికి తెర అడుగున ఒక మాట కనబడాలి. ఆ మాట కోసం నా దగ్గరికి వచ్చింది. నేను కాన్వెంటులో ఇంగ్లీషు చదివినా, ఇంట్లో మా అమ్మ తెలుగు అక్షరాలు దిద్దించింది. వాటిని ప్రమోదకు చిన్నప్పుడు నేర్పింది నేనే.

“చిన్న మాట కావాలి తాతా. ఏం పెట్టను?”

“‘చాలు’ అని పెట్టు” అన్నాను.

అన్నాక ఆమె మొహంలోకి చూశాను. మా దీవుల్లో ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. ఇంట్లో ‘చాలు’ అంటే ఇక ఆపమని. వీధిలో ‘చాలూ’ అంటే నడుస్తోందని. ఫ్యాను చాలూ, ఇంజను చాలూ. ఒకే మాట చూసి తండ్రి ఆగిందంటాడు, కొడుకు నడుస్తోందంటాడు, ఇద్దరూ జెట్టీ మీద వాదులాడుకుంటారు. ఆ తమాషా ఊహించుకుని లోపల నవ్వుకున్నాను. ఆమె కనిపెట్టి నా మీద కేకలేస్తుందని ఎదురుచూశాను. కాని తెలుగు టైపు చేసేటప్పుడు ఆమె బుర్రలో తెలుగు తప్ప మరొకటి ఉండదు. “బాగుంది తాతా” అని వెళ్ళిపోయింది. నేను నోరు మెదపలేదు.

పడవలో రోజూ కాగితం చదివే అప్పలరాముడికి మే నెలలో జ్వరం తగిలింది. చిట్టిబాబు షాదీపూర్ స్నేహితుడు వీరేంద్రను వెంటబెట్టుకుని రట్లాండ్ దీవి వైపు వేటకు వెళ్ళాడు. ఆ పూట సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. పదకొండు దాటాక డింగీలు ఒకటొకటే తిరిగి రావడం మొదలుపెట్టాయి. పన్నెండుకల్లా అన్నీ వచ్చేశాయి, చిట్టిబాబుది తప్ప. రెండు గంటలకు నైరుతి నుంచి గాలి లేచింది. జెట్టీ మీది రేకులు దడదడలాడాయి.

ప్రమోద కొట్టు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఫోన్. దాన్ని వంచుతూ, ఎత్తుతూ, అదే కాగితం మళ్ళీ మళ్ళీ చూస్తోంది. పైన: ఉదయం సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. కింద: మధ్యాహ్నం నుంచి పెనుగాలులు, పన్నెండులోపు అందరూ ఒడ్డుకు చేరాలి.

“వాడికి అందింది తాతా. ఐదున్నరకే తెరిచాడు, ఇదుగో ఇక్కడ కనబడుతోంది” అంది.

దుప్పటి కప్పుకుని వచ్చిన అప్పలరాముడు కసిరాడు. “సదివినోడు రాకుండా ఉంటాడేటి? సదవలేదు ఎదవ.”

“చదివాడు నాన్నా. తెరిచాడంటే చదివాడనే.”

సాయంత్రం దాకా అదే మాట అంటూనే ఉంది. నాకు అప్పటికే ‘చాలు’ గుర్తొచ్చింది. అయినా చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో ఊరి పడవవాళ్ళు ఇద్దరినీ తీసుకొచ్చారు. డింగీ రాళ్ళకు కొట్టుకుని పగిలింది. వీరేంద్రకు గీతలు తప్ప ఏమీ కాలేదు. చిట్టిబాబు కుడిచెయ్యి పడవకూ రాయికీ మధ్య నలిగింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు.

చిట్టిబాబుకు తెలివి వచ్చాక ప్రమోద మంచం పక్కన కూర్చుని అడిగింది.

“ఒరే చిట్టీ, కాగితం చూశావు కదరా? మరి ఎందుకు తిరిగి రాలేదు?”

“చూశాను దీదీ. ప్రశాంతం అని ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.” మా కుర్రాళ్ళు తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటేనే చెమటలు పడతాయి. “ఫోన్ వంచాను. కదల్లేదు. ఖరాబయిందేమో అని కింద చూస్తే చాలూ అని ఉంది. చాలూ అంటే నడుస్తోందిగా? నడుస్తూ కూడా కదల్లేదంటే కాగితం అంతే, ఖతం అనుకున్నా.”

ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినప్పుడు పక్క మీట నొక్కుకుపోయింది. కాగితం మొదటి తెర దగ్గరే ఆగిపోయింది. మొత్తం జరిగింది ఇదే.

ప్రమోద లేచి నాతోపాటు బయటికి నడిచింది. వరండాలోకి వచ్చాక గోడకు ఆనుకుని, “నాకెందుకు తట్టలేదు? రోజుకు వందసార్లు అంటాను ఆ మాట” అంది.

“నాకు తట్టింది” అన్నాను. మొత్తం చెప్పాను.

ఆమె తలెత్తి నా కళ్ళలోకి చూసింది. “నవ్వొచ్చిందా తాతా?”

“అప్పుడు వచ్చింది.”

తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు వచ్చి, “పద, ఆ కాగితం నలభై మూడు ఫోన్లలో ఉంది. అన్నింటిలోంచీ తీసేస్తాను. ఎందుకు తీస్తున్నామో ప్రతి గడప దగ్గరా నువ్వే చెప్పాలి” అంది. చెప్పాను. కొందరు తల తిప్పుకున్నారు. ఎరుకమ్మ అనే ముసలిది, “ముసిలాడివి, నీకు ఆటలు కావాలా” అని చీపురు ఎత్తింది. కథలు అల్లే నోటికి ఉన్నదున్నట్టు చెప్పడం ఎంత బరువో ఆ రెండు రోజుల్లో తెలిసింది.

చివరి ఫోన్ అప్పలరాముడిది. ఆయన ఇవ్వలేదు. నడుముకు దోపుకున్నాడు.

“తీసేత్తే ఆడి ఏళ్ళు మొలుత్తాయేటే?”

“నాన్నా, ఇచ్చేయ్.”

“రేపు నానేటి చూసుకుని ఎళ్ళాలి? మళ్ళీ ముక్కుతో జరపమంటావా?”

“ఏ మాట పెట్టినా ఎవరో ఒకరు ఇంకోలా చదువుతారు. నాకు భయంగా ఉంది.”

అరుగు మీద కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చిట్టిబాబు అప్పుడు నోరు విప్పాడు. “దీదీ, ఆటలో జెట్టీ కనబడందే ఎవడైనా ఆట అయిపోయిందనుకుంటాడా? నీ కాగితానికి జెట్టీ లేదు. అదీ గల్తీ.”

ఆమె ఆ ఫోన్ అడగడం మానేసింది.

ఇప్పుడు తిప్పుడు కాగితంలో ‘చాలు’ లేదు. నిలిచినప్పుడు లంగరు బొమ్మ వస్తుంది. కాగితం చివర ఒక ఆఖరి మాట ఉంటుంది, రోజుకొకటి. తెల్లవారుతూనే ప్రమోద జెట్టీ మీద నిలబడి, ఆ మాట తప్ప నోటీసంతా గట్టిగా చదువుతుంది. తను చేసినదాన్ని తనే నమ్మదు. చదివాక ఒక్కొక్క డింగీ దగ్గరికీ వెళ్ళి, “ఆఖరి మాటేంటి?” అని అడుగుతుంది. చెప్పినవాడి తాడే విప్పనిస్తుంది. ఆ మాట ఇవ్వడం నా పని. ఒక్క అర్థమే ఉండాలి, హిందీలో ఇంకోటి కాకూడదు. ఆమె ముందు దాన్ని ముగ్గురు కుర్రాళ్ళచేత చదివించి చూస్తుంది.

నిన్న చిట్టిబాబు కట్టు విప్పాక మొదటిసారి జెట్టీకి వచ్చాడు. వేటకు కాదు, వెళ్ళడానికి సొంత డింగీ లేదు. ఎడమచేత్తో తండ్రి ఫోన్ పట్టుకుని మెల్లగా వంచాడు. అలవాటు లేని చెయ్యి, కాగితం ఒకసారి జారింది. మళ్ళీ పైకి తెచ్చి మొదటి నుంచీ కూడబలుక్కున్నాడు. వేరేవాళ్ళ పడవలో అప్పలరాముడు తాడు పట్టుకుని ఎదురుచూశాడు.

“ఆఖరి మాటేంట్రా?” అంది ప్రమోద.

“గుమ్-మ-డి-కా-య” అన్నాడు.

డింగీల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. వాడి చేతిలోంచి ఫోన్ తీసుకుని, చివరి వరకూ తనే ఒకసారి వంచి చూసి, అప్పుడు తండ్రికి తల ఊపింది.