టెంపరరీ డాన్సులో మా అత్త

ఆ రోజుల్లో మా భిలాయిలో ఏ మాటకైనా స్టీలు ప్లాంటు భాషలోనే అర్థం చెప్పుకునేవాళ్ళం. మనుషులు రెండే రకాలు: పర్మనెంటు, టెంపరరీ. అందుకే నేను కూచిపూడి మానేసి కంటెంపరరీ డాన్సు నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడు, ప్లాంటులో క్రేన్ నడిపే మా నాన్నకి ఆ చివరి ముక్కొక్కటే వినబడింది. "టెంపరరీ డాన్సేటే? మరి పర్మనెంటు ఎప్పుడు చేస్తారట?" అన్నాడు, నిజంగానే దిగులుపడిపోయి. (నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నన్ను అర్థం చేసుకునేవాళ్ళు ఈ లోకంలో లేరని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి గుర్తుగా మెడలో ఎప్పుడూ ఓ నల్ల స్కార్ఫు, మే నెల ఎండలో కూడా.)

సరిగ్గా అప్పుడే ఫిన్లాండ్ నుంచి ఒక డాన్సరమ్మ దిగింది. రెసిడెన్సీ పేరుతో కొన్నాళ్ళు మా ఊళ్ళో ఉంటుంది, ఇక్కడి డాన్సర్లతో ఒక ప్రదర్శన చేయిస్తుంది, ఆ తర్వాత మాలో ఒకరిని తన దేశం తీసుకెళ్తుంది. ఆ ఒకరు నేనే కావాలని రాత్రీ పగలూ దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. "రెసిడెన్సీ అంటే లాడ్జీ కదేటే? విశాపట్నం బస్టాండు కాడ ఉన్నాది," అంది మా అత్త. అత్తంటే నాన్న చెల్లెలు. మాతోనే ఉండేది. ఇన్నేళ్ళు ఇక్కడున్నా శ్రీకాకుళం యాస ఇసుమంత పోగొట్టుకోలేదు సరికదా, హిందీని కూడా ఆ యాసలోనే లొంగదీసుకుంది. తల గుమ్మానికి తగిలేంత ఎత్తున్న ఆ డాన్సరమ్మకి పొడుగు దీదీ అని పేరు పెట్టింది కూడా తనే.

పొడుగు దీదీ ఓ ఉదయం మా క్వార్టర్ ముందు రోడ్డు మీద వెల్లకిలా పడుకుంది. భూమిలో ప్లాంటు అదురు తెలుస్తుందేమో చూస్తోంది, పాపం. అత్తకి అదేం తెలుసు? "గుంటకి ఫిట్సొచ్చీసినాయి," అని పరిగెత్తుకెళ్ళి బీరువా తాళాలగుత్తి ఆమె చేతిలో కుక్కింది. పొడుగు దీదీ కళ్ళు తెరిచి, ఇంటి తాళాలే చేతికిచ్చేశారు, ఇంతటి ఆదరణ ఏ దేశంలోనూ చూడలేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దుబాసీని నేనే. ఇద్దరినీ సంతోషంగానే ఉండనిచ్చాను.

ప్రదర్శన మా తెలుగువాళ్ళ హాల్లో. నాకంటే ముందు పక్కూరు జాముల్ నుంచొచ్చిన కుర్రాడు ఎడాపెడా పల్టీలు కొట్టి ఈలలు వేయించుకుపోయాడు. నాకిచ్చిన పనేమో, స్టేజీ ఈ చివర్నుంచి ఆ చివరికి, కదులుతున్నట్టు ఎవరికీ తెలియనంత నెమ్మదిగా నడవడం. పాట లేదు, తాళం లేదు. మాట్లాడకూడదు, ముఖం కదపకూడదు. మొదలెట్టిన కాసేపటికే వెనకనుంచి ఎవరో "క్యాసెట్ అటక్ గయా క్యా?" అన్నారు, టేపు ఇరుక్కుందేమోనని. ముందు వరసలో అత్త గొంతు, తనకి తెలిసినంత గుసగుసగా, "అయ్యో, అడుగులు మర్చిపోనాది," అనడం హాలంతా విన్నది.

మరుక్షణం స్టేజీ మీద చెప్పుల చప్పుడు. అత్త నా పక్కనే నిలబడి, కొంగుతో నా మొహం తుడిచి, "భయమేసిందేటే?" అంది. నేను పలకలేదు. పలికితే ఫిన్లాండు పోతుంది. ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి, "సరే, నలుగురికీ తెలియనీకు. నాను పట్టుకుంటాను, నువ్వు మెల్లగా అడుగెయ్యి," అని నా చెయ్యి పట్టుకుంది. మేనకోడలి పరువు కాపాడాలి కదా, తనూ నా అంత నెమ్మదిగానే నడిచింది. నడుస్తున్నంతసేపూ తిట్లే. "పొద్దుట్నించీ ఏటైనా తిన్నావా? ఎవర్తె సెప్పింది నీకీ డాన్సు? అడుగో మీ నాన్న, తలొంచీసుకున్నాడు." నాకు లోపల ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ చివరికి చేరేసరికి హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేటట్టుంది. తర్వాత చప్పట్లు. పొడుగు దీదీ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. నన్ను కాదు, అత్తని.

మర్నాడు పొడుగు దీదీ మా ఇంటికొచ్చి చెప్పింది. తీసుకెళ్తే ఇద్దరినీ తీసుకెళ్తుందట, విడివిడిగా అక్కర్లేదట. నేనే తర్జుమా చేశాను. నాన్న, "మా సెల్లెలికి జాయినింగే పర్మనెంటు," అన్నాడు.

అలా ఫిన్లాండులో, స్వెట్టరు మీద నేతచీర కట్టుకున్న అత్త, మొహం గంటు పెట్టుకున్న నేను, ప్రతి సాయంత్రం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాం. అత్త గుసగుసలు మాత్రం రోజుకో రకం. "ఆ బట్టతలాయన నిద్రోతన్నాడే," అంటే నేను ముఖం కదపకుండా భరించాలి. ఓ రోజు ప్రదర్శన అయ్యాక ఒక పెద్దావిడ లేచి, నడిచేటప్పుడు ఈమె జపించే మంత్రం ఏమిటని భక్తిగా అడిగింది. అత్తని అడిగాను. "మంత్రమేటి? ఈ ఊళ్ళో మజ్జిగన్నం దొరకదా అని నీకే సెప్తన్నాను," అంది. నేను మైకు తీసుకుని, "ఆమె ఆకలి గురించి మాట్లాడుతున్నారు," అన్నాను. హాలంతా తల వంచుకుంది. అత్త గర్వంగా, "సూసినావా, మజ్జిగ నేదని సిగ్గుపడతన్నారు," అంది.

ఇప్పుడు నేనూ నడివయసుకొచ్చి, భిలాయిలో పిల్లలకి డాన్సు నేర్పుతున్నాను. మొన్న ఫోన్లో వాళ్ళకి ఆనాటి వీడియో చూపించాను. నల్ల స్కార్ఫు పిల్ల బిర్రబిగుసుకుని వస్తోంది. పక్కన నడివయసావిడ, నడుముకి కొంగు దోపుకుని, ఆ పిల్లని ఓ కంట కనిపెడుతూ పెదవులు కదుపుతోంది. ఇందులో నేనెవరో చెప్పండర్రా అన్నాను. పిల్లలు తడుముకోకుండా అత్త మీద వేలు పెట్టి, "యే ఆప్ హో, దీదీ," అన్నారు.

ఒక్క క్షణం ఆ సన్నపిల్లకేసి చూశాను. ఔనన్నాను.